ఒకే డేటా, రెండు జిల్లాలు: హెచ్‌డీఎఫ్5 ఫైళ్లలో హార్డ్ లింకులు, సాఫ్ట్ లింకులు పెట్టుకునే పద్ధతి

2022 ఏప్రిల్ 4న మా రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలూ దాంతోపాటే వచ్చాయి. అదే రోజు పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. వాన లెక్కలతో పనిచేసేవాళ్లకి ఇది పెద్ద చిక్కు. పాత రిపోర్టులన్నీ పాత జిల్లాల ప్రకారం ఉంటాయి, ఇప్పుడు అడిగేవాళ్లు కొత్త జిల్లాల ప్రకారం అడుగుతారు. రాజాం రోజువారీ వర్షపాతం 2014 నుంచి 2023 దాకా తీసుకుంటే 3652 అంకెలు. వాటిని శ్రీకాకుళం కింద పెట్టాలా, విజయనగరం కింద పెట్టాలా?

“రెండు చోట్లా కాపీ పెట్టేస్తే పోదా మేడమ్?” అని నా దగ్గరికి ప్రాజెక్టు పనికి వచ్చే పిల్లలు అడుగుతుంటారు. జాగా గురించైతే నాకు బెంగ లేదు. ఒక్కో అంకెకి 4 బైట్లు వేసుకున్నా మొత్తం 14,608 బైట్లు, అంటే 15 కిలోబైట్లు కూడా కాదు. నా బెంగంతా దిద్దుబాటు గురించే. 12.5 మిల్లీమీటర్లు అని ఉండాల్సిన చోట ఎవరో 125 అని కొట్టారనుకోండి. శ్రీకాకుళం కింద ఉన్న కాపీలో దాన్ని సరిచేస్తాం, విజయనగరం కింద ఉన్నది అలాగే ఉండిపోతుంది. ఆ ఏడాది రాజాం మొత్తం వర్షపాతం రెండు రిపోర్టుల్లో రెండు రకాలుగా వస్తుంది. ఏది సరైందో చెప్పగలిగే మనిషి అప్పటికి అక్కడ ఉండకపోవచ్చు. డేటా ఒక్కచోటే ఉండాలి, దాని దగ్గరికి వెళ్లే పేర్లు ఎన్నైనా ఉండొచ్చు. పెద్ద పెద్ద అంకెల పట్టికలు దాచుకునే ఫైలు రకం హెచ్‌డీఎఫ్5లో లింకులు ఉన్నది ఇందుకే.

పేరు ఎక్కడ ఉంటుంది

హెచ్‌డీఎఫ్ అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని సూపర్‌కంప్యూటింగ్ కేంద్రంలో పుట్టింది. మనం వాడే ఐదో రూపం 1998లో వచ్చింది. మన ఇన్శాట్-3డి ఉపగ్రహం డేటా, నాసా వారి ఐమెర్గ్ వర్షపాతం డేటా ఈ ఫైళ్లలోనే వస్తాయి. వాతావరణ డేటాకి వాడే ఇంకో రకం, నెట్‌సీడీఎఫ్-4 ఫైళ్ల లోపల ఉన్నదీ ఇదే. అందుకే వాతావరణం పని చేసేవాళ్లు దీన్ని తప్పించుకోలేరు.

ఫైలు లోపల గ్రూపులు ఉంటాయి, గ్రూపుల్లో డేటాసెట్లు, అంటే అంకెల పట్టికలు ఉంటాయి. పైకి చూస్తే కంప్యూటర్లో ఫోల్డర్లు, ఫైళ్లు ఉన్నట్టే ఉంటుంది. కానీ ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి: డేటాసెట్‌కి సొంతంగా పేరు లేదు. పేరు ఉండేది గ్రూపులో. “రాజాం అనే పేరుతో అడిగితే ఫైల్లో ఫలానా చోట ఉన్న వస్తువుని ఇవ్వు” అని గ్రూపులో రాసి ఉంటుంది. ఆ రాతే లింకు. మనం కొత్త డేటాసెట్ తయారుచేసిన ప్రతిసారీ మనకి తెలియకుండానే ఒక హార్డ్ లింకు తయారవుతుంది. కాబట్టి హార్డ్ లింకు కొత్త విద్యేమీ కాదు, ఇన్నాళ్లూ వాడుతున్నదే. ఇప్పుడు చేయబోయేది అదే వస్తువుకి రెండోది పెట్టడం.

కింద నేను చెప్పేదంతా పైథాన్‌లో, ఈ ఫైళ్లని చదివి రాసే హెచ్5పై లైబ్రరీతో. ఆదేశాల పేర్లు ఇక్కడ పలికే తీరులో రాశాను, టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోవాలి. గ్రూపుల పేర్లు మాత్రం తెలుగులోనే పెట్టుకోవచ్చు, ఫైలు వాటిని చక్కగా దాచుకుంటుంది. ‘ఫైలు’ అన్నది రాయడానికి వీలుగా తెరిచి పెట్టుకున్న హెచ్‌డీఎఫ్5 ఫైలు.

హార్డ్ లింకు

రాజాం డేటా ముందే పాత జిల్లా కింద ఉందనుకుందాం. కొత్త జిల్లా కింద కూడా కనిపించాలంటే ఒక్క వరుస చాలు:

ఫైలు["కొత్త/విజయనగరం/రాజాం"] = ఫైలు["పాత/శ్రీకాకుళం/రాజాం"]

‘కొత్త’, ‘విజయనగరం’ గ్రూపులు ఇంకా లేకపోయినా ఫరవాలేదు, హెచ్5పై దారిలో వాటిని తయారుచేసుకుంటూ పోతుంది. ఇప్పుడు ఆ 3652 అంకెలు ఫైల్లో ఒక్కచోటే ఉన్నాయి, పేర్లు రెండు. ఒకే మనిషికి ఇంట్లో ఒక పేరు, రికార్డుల్లో ఒక పేరు ఉన్నట్టు. ఏ పేరుతో తెరిచి దిద్దినా రెండో పేరుతో చూస్తే దిద్దినదే కనిపిస్తుంది. కొలత మిల్లీమీటర్లలో ఉందనీ, స్టేషన్ అక్షాంశ రేఖాంశాలు ఇవనీ మనం తగిలించే యాట్రిబ్యూట్లు కూడా వస్తువుకే అంటుకుని ఉంటాయి కాబట్టి అవీ రెండు వైపులా ఒకటే.

ఈ వరుసని బాగా దగ్గరగా చూడండి. చివర మూడు చిన్న గుర్తులు చేరితే అర్థం మొత్తం మారిపోతుంది:

ఫైలు["కొత్త/విజయనగరం/రాజాం"] = ఫైలు["పాత/శ్రీకాకుళం/రాజాం"][:]

చివర చదరపు బ్రాకెట్లలో కోలన్ పెట్టగానే పైథాన్ ఆ అంకెలన్నీ మెమరీలోకి చదివేస్తుంది. చదివిన అంకెలతో కొత్త డేటాసెట్ తయారవుతుంది. అది కాపీ. ఎర్రరేమీ రాదు, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, గ్రాఫ్ గీసినా ఒకటే గీత. పైగా కాపీలోకి అంకెలు మాత్రమే వస్తాయి, యాట్రిబ్యూట్లు రావు. తేడా బయటపడేది ఎవరైనా ఒకచోట దిద్దిన తర్వాతే. అందుకని లింకు పెట్టిన వెంటనే రెండు పేర్లనీ తెరిచి, రెండు సమానం గుర్తులతో పోల్చి చూడమని చెబుతాను. రెండూ ఒకే వస్తువైతే ‘ట్రూ’ వస్తుంది. అంకెలు ఒకటైనంత మాత్రాన రాదు. ఇలా పోల్చేటప్పుడు కూడా ఆ కోలన్ పెట్టకండి.

ఎక్కువ నమ్మకం కావాలంటే ఆ వస్తువుకి ఎన్ని హార్డ్ లింకులు ఉన్నాయో కూడా అడగొచ్చు. హెచ్5పైలోని హెచ్5ఓ భాగంలో ‘గెట్ ఇన్ఫో’ అనే ఆదేశం ఉంది (రెండు మాటల మధ్య అండర్‌స్కోర్). డేటాసెట్ ఐడీని దానికిస్తే తిరిగొచ్చేదాంట్లో ‘ఆర్‌సీ’ అనే అంకె ఉంటుంది. రాజాంకి 2 ఉండాలి. చీపురుపల్లి లాంటిది అప్పుడూ ఇప్పుడూ విజయనగరమే. దాన్ని పాత, కొత్త రెండు గ్రూపుల్లోనూ పెట్టుకుంటే దానికీ 2 వస్తుంది.

చెరిపేటప్పుడు ఏం జరుగుతుందన్నదే ఇక్కడ అసలు సంగతి. పైథాన్ ‘డెల్’తో ‘పాత/శ్రీకాకుళం/రాజాం’ని తీసేస్తే పోయేది ఆ పేరు ఒక్కటే. లెక్క 2 నుంచి 1కి దిగుతుంది, డేటా భద్రంగా ఉంటుంది. మొదట పెట్టిన పేరు అసలు, తర్వాత పెట్టింది నకలు అనే తేడా ఇక్కడ లేదు. చివరి హార్డ్ లింకు కూడా తీసేసినప్పుడే డేటా పోతుంది. అప్పుడు కూడా ఫైలు సైజు వెంటనే తగ్గదు. ఖాళీ అయిన జాగా ఫైల్లోనే ఉండిపోతుంది. దాన్ని పిండేయడానికి హెచ్5రీప్యాక్ అనే సాధనం ఉంది. అది మిగిలినదంతా కొత్త ఫైల్లోకి సర్ది రాస్తుంది.

గ్రూపులకి కూడా హార్డ్ లింకు పెట్టొచ్చు. అయితే ఒక గ్రూపుని దాని లోపలి గ్రూపులోకే లింకు చేస్తే చక్రంలా తిరుగుతుంది. హెచ్‌డీఎఫ్5 దీన్ని అడ్డుకోదు. బయటి పేరు చెరిపాక ఆ చక్రం లోపలిది ఎవరికీ అందకుండా, జాగా మాత్రం ఆక్రమించుకుని ఉండిపోతుంది. వాన లెక్కలకి దీని అవసరం ఎప్పుడూ రాలేదు, మీరూ దూరంగా ఉండండి.

సాఫ్ట్ లింకు

సాఫ్ట్ లింకులో ఉండేది దారి, అదీ ఉత్త అక్షరాల్లో. వస్తువు ఎక్కడుందో దానికి తెలియదు, ఉందో లేదో కూడా తెలియదు. మనం తెరిచిన క్షణంలో ఆ దారి పట్టుకుని వెళ్లి చూస్తుంది.

దీని అవసరం నాకు సవరణల దగ్గర వస్తుంది. వర్షపాతం అంకెలు మొదట ఒక రకంగా వస్తాయి, పరిశీలించాక కొన్ని మారతాయి. పాతవాటిని నేను పారేయను. వాటితో ముందే రిపోర్టులు రాసి ఉంటారు కదా. అందుకని ‘సవరణ1’, ‘సవరణ2’ అని గ్రూపులు పెట్టుకుంటాను. ప్రోగ్రాములన్నీ మాత్రం ‘తాజా’ అనే పేరుతోనే చదువుతాయి:

ఫైలు["తాజా"] = హెచ్5పై.సాఫ్ట్‌లింక్("/సవరణ2")

‘సాఫ్ట్‌లింక్’లో ఎస్, ఎల్ రెండూ పెద్దక్షరాలు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఇక ‘తాజా/రాజాం’ అని అడిగితే ‘సవరణ2’లోని రాజాం వస్తుంది. మూడో సవరణ వచ్చిన రోజు ‘తాజా’ని డెల్‌తో తీసేసి ‘/సవరణ3’ వైపు మళ్లీ పెడితే చాలు, ఒక్క ప్రోగ్రామూ ముట్టుకోనక్కర్లేదు. తీసేయకుండా నేరుగా మళ్లీ పెట్టబోతే ఆ పేరు ముందే ఉందని ఎర్రర్ వస్తుంది. ఆ అడ్డంకి మంచిదే. ఇక్కడ డెల్ అన్నందుకు ‘సవరణ2’కి ఏమీ కాదు, పోయేది దారి రాసిన లింకు మాత్రమే.

ఇదే పని హార్డ్ లింకుతో చేస్తే? చేయొచ్చు, నేను చేయను. ‘తాజా’ హార్డ్ లింకైతే అది ఏ సవరణ వైపు చూస్తోందో పైకి కనపడదు, పోల్చి తెలుసుకోవాలి. సాఫ్ట్ లింకైతే దాని దారి చదివితే చాలు. ‘గెట్’ పిలిచి ‘గెట్‌లింక్’కి ‘ట్రూ’ ఇస్తే లింకే చేతికొస్తుంది. దాని ‘పాత్’ చూస్తే ‘/సవరణ2’ అని ఉంటుంది.

ఇప్పుడు జాగ్రత్తలు. సాఫ్ట్ లింకు పెట్టేటప్పుడు ఆ దారి నిజంగా ఉందా అని ఎవరూ చూడరు. మన వైపు పేర్లకి ఇది మరీ ప్రమాదం. ‘ఇచ్ఛాపురం’ అని రాసేవాళ్లూ ఉన్నారు, ‘ఇచ్చాపురం’ అని రాసేవాళ్లూ ఉన్నారు. మనకి రెండూ ఒక ఊరే, ఫైలుకి రెండు వేర్వేరు పేర్లు. హార్డ్ లింకు పెట్టేటప్పుడు తప్పు పేరు రాస్తే అక్కడికక్కడే ‘కీ ఎర్రర్’ వస్తుంది. సాఫ్ట్ లింకైతే కిక్కురుమనకుండా తయారవుతుంది, తెరవబోయిన రోజు ఎర్రర్ వస్తుంది. కంటికి కనిపించని తేడా ఇంకొకటి ఉంది. ‘రైన్‌గేజ్’ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలబడటానికి కీబోర్డు మధ్యలో కనపడని అక్షరం ఒకటి పెడుతుంది. అది మాట చివర కూడా మిగిలిపోయిందంటే తెర మీద రెండు పేర్లూ అచ్చంగా ఒకేలా ఉంటాయి, దారి మాత్రం కలవదు. అందుకే నేను ఊళ్ల పేర్లని ఒక్కచోట జాబితాగా రాసుకుని, ప్రోగ్రాము అంతటా అక్కడి నుంచే తీసుకుంటాను. చేత్తో రెండోసారి కొట్టను.

తెగిపోయిన లింకుని పట్టుకోవడానికి ‘ఇన్’తో అడిగితే సరిపోదు. అది చూసేది ఆ పేరుతో లింకు ఉందా అని మాత్రమే, అవతల వస్తువు లేకపోయినా ‘ట్రూ’ అంటుంది. ‘గెట్’తో అడగండి. వస్తువు ఉంటే ఇస్తుంది, లేకపోతే ‘నన్’ ఇస్తుంది. గ్రూపులోని పేర్లన్నీ ఒక్కొక్కటిగా తీసి గెట్‌తో అడిగి, నన్ వచ్చినవాటిని తెర మీద రాయించే చిన్న ప్రోగ్రాము నా ప్రతి ఫైలు పక్కనా ఉంటుంది.

దారి ఏటవాలు గీతతో మొదలైతే ఫైలు మొదటి నుంచి వెతుకుతుంది. గీత లేకపోతే ఆ లింకు ఉన్న గ్రూపు నుంచి వెతుకుతుంది. ఫోల్డర్ల అలవాటుతో రెండు చుక్కలు పెట్టి పై గ్రూపుకి వెళ్దామనుకుంటారు, హెచ్‌డీఎఫ్5లో ఆ సౌకర్యం లేదు. ఒక గ్రూపు లోపల తిరిగే లింకులకి గీత లేని దారి, గ్రూపు దాటి వెళ్లేవాటికి గీతతో పూర్తి దారి రాయండి. గ్రూపు మొత్తాన్ని ఇంకో ఫైల్లోకి కాపీ చేసినప్పుడు మొదటివి పనిచేస్తాయి, రెండోవి తెగుతాయి. కాపీ ఆదేశంలో ‘ఎక్స్‌పాండ్ సాఫ్ట్’ని (ఇక్కడా మధ్యలో అండర్‌స్కోర్) ‘ట్రూ’గా పెడితే లింకు బదులు అసలు వస్తువే వెళ్తుంది. ఇక పేరు మార్చడం సంగతి. డేటాసెట్ పేరు ‘మూవ్’తో మారిస్తే దాని ఇతర హార్డ్ లింకులకి ఏమీ కాదు, పాత పేరుని చూస్తున్న సాఫ్ట్ లింకులన్నీ తెగుతాయి.

కాబట్టి ఏది పెట్టాలో తేల్చుకోవడానికి నేను అడిగే ప్రశ్న ఒక్కటే: రేపు ఎవరైనా అవతలి పేరు చెరిపేస్తే నా దగ్గర ఏం మిగలాలి? డేటా మిగలాలంటే హార్డ్ లింకు. అక్కడ కొత్తగా ఏది పెడితే అది కనిపించాలంటే సాఫ్ట్ లింకు. రాజాం రెండు జిల్లాల కిందా హార్డ్ లింకుగా ఉండాలి, ఎందుకంటే పాత జిల్లాల గ్రూపు అక్కర్లేదని ఎవరైనా ఒకనాడు తీసేసినా పదేళ్ల వాన లెక్క పోకూడదు.

ఇంకో ఫైల్లో ఉన్నదానికి: తిత్లీ ఉదాహరణ

హార్డ్ లింకు ఫైలు దాటి వెళ్లలేదు. ఇంకో ఫైల్లోని వస్తువుకి హెచ్5పైలో ‘ఎక్స్‌టర్నల్‌లింక్’ పెట్టాలి. దానికి ఫైలు పేరు, లోపలి దారి రెండూ ఇస్తాం. గుణంలో ఇది సాఫ్ట్ లింకుకి చుట్టమే: ఇదీ అక్షరాలే, ఇదీ తెగుతుంది.

తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, 4:30కీ 5:30కీ మధ్య పలాస దగ్గర తీరం దాటింది. ఆ రోజు ఉద్దానం మీద పడ్డ వానని ఐమెర్గ్ డేటాలో చూడాలంటే అరగంటకో ఫైలు చొప్పున రోజుకి 48 ఫైళ్లు. అవి ప్రపంచమంతటికీ కలిపి 3600 బై 1800 గళ్లు. అన్నిటినీ మన ఫైల్లోకి కాపీ చేసుకోవడం దండగ. పైగా వాటి టైము యూటీసీ, అంటే మన గడియారం కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం. మన 11వ తేదీ అర్ధరాత్రి వాళ్లకి 10వ తేదీ సాయంత్రం 18:30. తుఫాను తీరం దాటిన ఆ గంట ఉండేది వాళ్ల 10వ తేదీ 23:00, 23:30 ఫైళ్లలో. తేదీ చూసి 11వ తేదీ ఫైళ్లు మాత్రమే దించుకున్నవాళ్లకి అసలు ఘట్టమే దొరకదు.

నేను చేసేది ఇది. ముందు ‘యూటీసీ’ అనే గ్రూపులో ఒక్కో అరగంటకి ఒక్కో ఎక్స్‌టర్నల్ లింకు పెడతాను, ఒక్కొక్కటీ ఆ ఫైల్లోని ‘గ్రిడ్’ గ్రూపు కింద ఉన్న వర్షపాతం డేటాసెట్‌కి. ఐమెర్గ్ ఆరో కూర్పులో ఆ డేటాసెట్ పేరు ‘ప్రెసిపిటేషన్‌క్యాల్’, ఏడో కూర్పులో ‘ప్రెసిపిటేషన్’. ఈ తేడా ‘యూటీసీ’ గ్రూపు దగ్గరే ఆగిపోతుంది, ఆ పైన ప్రోగ్రాములకి అక్కర్లేదు. తర్వాత ‘మన_రోజు’ అనే గ్రూపులో 10వ తేదీ 18:30 నుంచి 11వ తేదీ 18:00 దాకా ఉన్న 48 అరగంటలకీ సాఫ్ట్ లింకులు, మన గడియారం ప్రకారం పేర్లతో. వాతావరణ శాఖ వర్షపాతం కొలిచే రోజు ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా ఉంటుంది కదా, అది యూటీసీలో 3:00 నుంచి 3:00. దానికి ‘వాన_రోజు’ అని ఇంకో గ్రూపు, అందులోనూ సాఫ్ట్ లింకులే. రేపు ఐమెర్గ్ ఫైళ్ల పేర్లు మారినా నేను సరిచేయాల్సింది ‘యూటీసీ’ గ్రూపు ఒక్కటే.

ఇక్కడ సాఫ్ట్ బదులు హార్డ్ లింకు పెట్టబోతే ఎర్రర్ వస్తుంది. ఎక్స్‌టర్నల్ లింకుని తెరిచినప్పుడు చేతికి వచ్చేది అవతలి ఫైల్లోని వస్తువు. దానికి మన ఫైల్లో హార్డ్ లింకు కుదరదు.

ఎక్స్‌టర్నల్ లింకులో ఫైలు పేరు మాత్రమే రాయండి, మీ కంప్యూటర్లోని డ్రైవు నుంచి మొదలయ్యే పూర్తి దారి రాయకండి. ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్లో ఉంటే హెచ్‌డీఎఫ్5 మొదటి ఫైలు పక్కనే వెతుక్కుంటుంది, పెన్‌డ్రైవులో వేసి ఇచ్చినా పనిచేస్తుంది. ఒకసారి ఒక ఆఫీసు నుంచి నాకు వచ్చిన ఫైల్లో లింకులన్నీ వాళ్ల సర్వరు లోపలి దారులే. ఫైలు తెరుచుకుంది, పేర్లన్నీ కనిపించాయి, ఒక్క అంకె కూడా రాలేదు.

చదవడానికి మాత్రమే అయితే మొదటి ఫైలుని ‘ఆర్’ మోడ్‌లోనే తెరవండి. మామూలుగా అవతలి ఫైలు కూడా అదే మోడ్‌లో తెరుచుకుంటుంది. రాయడానికి తెరిచి, లింకు మీదుగా ఒక గడిలో అంకె మారిస్తే, మారేది నాసా నుంచి దించుకున్న అసలు ఫైలు.

ఫైలు ఇచ్చే ముందు

హెచ్5ఎల్ఎస్ అనే ఆదేశాన్ని ‘ఆర్’ ఐచ్ఛికంతో నడిపితే ఫైల్లోని పేర్లన్నీ వరసగా వస్తాయి. సాఫ్ట్ లింకు ఎదురుగా అది సాఫ్ట్ లింకనీ, దాని దారేమిటో రాసి ఉంటుంది. ఆ వరసలో రెండోసారి వచ్చే హార్డ్ లింకు ఎదురుగా ‘సేమ్ యాజ్’ అని ముందు వచ్చిన పేరు ఉంటుంది. రెండు రాజాంలలో ఒక్కదాని ఎదురుగానైనా ఆ మాట కనపడలేదంటే అక్కడున్నది కాపీ.

ఫైలంతా తిరిగి మొత్తాలు కూడే ప్రోగ్రాము రాస్తుంటే, హెచ్5పైలోని ‘విజిట్ ఐటమ్స్’ (టైపు చేసేటప్పుడు కలిపి ఒకే మాట) ఒక్కో వస్తువుని ఒక్కసారే చూపిస్తుందని గుర్తుంచుకోండి. రెండు పేర్లున్నా రాజాం ఒక్కసారే వస్తుంది, సాఫ్ట్, ఎక్స్‌టర్నల్ లింకుల్లోకి అసలు వెళ్లదు. ఉమ్మడి మొత్తానికి ఇది మంచిదే. జిల్లావారీ మొత్తం కావాలంటే మాత్రం దీని మీద ఆధారపడొద్దు. ఫైలు మొత్తం తిరిగితే రాజాం ఏ పేరుతో వస్తుందో మీ చేతిలో ఉండదు, శ్రీకాకుళంలో కలిసి విజయనగరంలో తగ్గిపోవచ్చు. ‘కొత్త/విజయనగరం’ గ్రూపుని విడిగా తెరిచి, దాని పేర్లు ఒక్కొక్కటీ తీసుకుని కూడండి.